అమ్మకి వేయించిన జోలెడ్రోనిక్ యాసిడ్: మందుకి ఫుల్ మార్కులు, డేకేర్‌కి కాదు

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత అమ్మ రోజూ లెట్రోజోల్ వేసుకుంటోంది. ఆ మాత్ర ఈస్ట్రోజన్‌ని బాగా తగ్గించేస్తుంది, దాంతో ఎముకలు కూడా పలచబడతాయి, అందుకే డాక్టర్‌గారు డెక్సా స్కాన్ (ఎముకల గట్టిదనం చూసే పరీక్ష) చూసి, ఎముకల్ని కాపాడే మందు జోలెడ్రోనిక్ యాసిడ్‌ని ఆరు నెలలకోసారి 4 మిల్లీగ్రాములు సెలైన్‌లో ఎక్కించాలన్నారు.

ఎక్కడానికి పట్టేది పావుగంటే. అసలు తతంగమంతా దానికి ముందే: క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూసేది), కాల్షియం, విటమిన్ డి పరీక్షలు, ఆపైన పళ్ల డాక్టర్. పీకించాల్సిన పన్ను ఉంటే ముందే పీకించేయాలి, ఈ మందు మొదలయ్యాక పీకిస్తే అరుదుగానైనా దవడ ఎముక దెబ్బతినే ప్రమాదం ఉంది. మేం వెళ్లిన డేకేర్‌లో (మందు ఎక్కించి అదే రోజు ఇంటికి పంపే ఆస్పత్రి విభాగం) ఈ సంగతి మేం అడిగేదాకా ఎవరూ ఎత్తలేదు. రెండు స్టార్లు అక్కడే కోసేశాను. నర్సమ్మ మాత్రం బంగారం, సూది గుచ్చినట్టే తెలియలేదంది అమ్మ.

ఆ రాత్రి జ్వరం, ఒళ్లంతా నొప్పులు. మొదటి డోసుకి ఇది మామూలేనట, పారాసిటమాల్‌తో తగ్గింది, కానీ ముందే చెప్పి ఉంటే అంత టెన్షన్ పడేవాళ్లం కాదు కదా!

ఇక మందు సంగతి. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ప్రొఫెసర్ రాబర్ట్ కోల్‌మన్ ఏళ్ల తరబడి దీని మీదే పనిచేశారు. రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టకుండా ఇది ఆపుతుందా అని ఆయన నడిపిన అజూర్ అనే ట్రయల్‌లో అందరినీ కలిపి చూస్తే పెద్ద తేడా రాలేదు, మెనోపాజ్ దాటినవాళ్లలో మాత్రం లాభం కనిపించింది. 2015లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన, 18,766 మంది మహిళల వివరాలు కలిపి చూసిన విశ్లేషణ కూడా ఈ రకం మందులతో వాళ్లలో క్యాన్సర్ ఎముకలకి పాకడం తగ్గుతుందనే తేల్చింది. జెనరిక్ దొరుకుతుందేమో తప్పకుండా అడగండి.