కుక్కపిల్ల కొనబోతున్నారా? ‘రెండు నెలల పిల్ల, ఫుల్ ట్రైనింగ్’ అంటే ముందు దాని నోరు తెరిచి పళ్ళు చూడండి

విజయనగరం, శ్రీకాకుళం చుట్టుపక్కల లాబ్రడార్ పిల్లనో గోల్డెన్ రిట్రీవర్ పిల్లనో కొందామని చూస్తున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. వాట్సాప్ స్టేటస్‌లో ‘రెండు నెలల పిల్ల, టీకాలు అయిపోయాయి, టాయిలెట్ ట్రైనింగ్ పూర్తి, అస్సలు కరవదు’ అని ఎవరైనా పెడితే అందులో ఒక్క ముక్కా నమ్మకండి. మాకు అమ్మిన పిల్ల విషయంలో ఆ నాలుగూ అబద్ధాలే. అమ్మినవాడి పేరు, నంబరు ఇక్కడ పెట్టడం లేదు. అవి వాడు ఎలాగూ మార్చేస్తున్నాడు. మారనిది వాడి పద్ధతి, అందుకే అదే చెబుతాను.

12,000కి బేరం కుదిరింది. సగం ముందే ఫోన్‌పే చేయించుకున్నాడు. తల్లిని ఒకసారి చూస్తామంటే ‘వైజాగ్ దగ్గర ఫారంలో ఉందండి, బయటివాళ్ళొస్తే పిల్లలకి ఇన్ఫెక్షన్ వస్తుంది’ అన్నాడు. వినడానికి ఎంత బాధ్యత గల మనిషో అనిపిస్తుంది. పోనీ వీడియో కాల్‌లో చూపించమంటే అక్కడ సిగ్నల్ ఉండదట. చివరికి రింగ్ రోడ్డులో కారు ఆపి, అట్టపెట్టెలోంచి పిల్లని తీసి మా అబ్బాయి చేతిలో పెట్టాడు. ఇక వాడు దాన్ని వదులుతాడా? అమ్మినవాడు టీకాల పుస్తకం ఇచ్చి, మిగతా సగం వేయించుకుని వెళ్ళిపోయాడు. బిల్లు లేదు, కాగితం ముక్క లేదు.

ఇంటికొచ్చాక మొదలైంది. చేయి కనిపిస్తే కొరుకుడే. ఆటకి కొరకడం కాదు, పట్టుకుంటే వదలదు, రక్తం వచ్చేది. మా అత్తయ్యగారి చీర కుచ్చిళ్ళు పట్టుకుని వేలాడేది. రాత్రంతా ఏడుపు. పక్కింటివాళ్ళు పొద్దున్నే ‘రాత్రి నిద్ర పట్టిందా మీకు’ అని అడుగుతుంటే ఆ వెటకారానికి ఏం చెప్పాలో తెలిసేది కాదు. ఇక టాయిలెట్ సంగతి సరేసరి, హాల్లో, వంటింట్లో, దేవుడి గది గుమ్మంలో. వాడికి ఫోన్ చేస్తే ‘నా దగ్గరున్నప్పుడు బంగారంలా ఉందండి, మీరు గారాబం చేసి పాడుచేశారు’ అన్నాడు. మూడు పూటలా టెన్షన్, పైగా తప్పు మాదే అన్నట్టు.

అసలు సంగతి మొదట కనిపెట్టింది మా వీధిలో పాలు పోసే ముసలావిడ. పిల్ల తువ్వాలు కొసని నోట్లో పెట్టుకుని, ముందుకాళ్ళు రెండూ గుడ్డ మీద ఒకదాని తర్వాత ఒకటి నొక్కుతూ, కళ్ళు మూసుకుని చప్పరిస్తోంది. ఆవిడ క్యాను కింద పెట్టి కాసేపు చూసి, ‘ఇది ఇంకా పాలు మానని గుంటమ్మా, తల్లికాడ నుంచి ఎలా తెచ్చీసారు?’ అంది.

డాక్టరు గారు నోరు తెరిచి చూపించారు. కుక్కపిల్లకి పాలపళ్ళు మొత్తం 28. రెండు నెలలు నిండేసరికి అవన్నీ కనపడాలి. మా పిల్లకి ముందుపళ్ళు, కోరలు సూదుల్లా ఉన్నాయి కానీ, పక్కల దవడపళ్ళు అప్పుడే చిగుళ్ళలోంచి తెల్లగా మొన తేలుతున్నాయి. కళ్ళలో నీలం రంగు కూడా ఇంకా పోలేదు. మహా అయితే ఐదు వారాలుంటుందని తేల్చేశారు. టీకాల పుస్తకంలో పుట్టిన తేదీని ఒక రంగు ఇంకుతో రాసి, పైన ఇంకో ఇంకుతో దిద్దారు. టీకా వేశాక సీసా మీది స్టిక్కరు, బ్యాచ్ నంబరుతో సహా పుస్తకంలో అంటిస్తారు. పక్కన డాక్టరు సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. మా పుస్తకంలో ఒక గుండ్రటి స్టాంపు, దాని కింద ఓ వంకర గీత, అంతే.

వయసు గురించి ఇంత గోల ఎందుకంటారా? కుక్కపిల్ల కొరకడం ఎక్కడ ఆపాలో నేర్చుకునేది తోబుట్టువుల దగ్గరే. ఒకటి గట్టిగా కొరికితే రెండోది కుయ్యిమని అరిచి ఆట మానేసి వెళ్ళిపోతుంది. తల్లి కూడా పళ్ళు తగిలితే లేచి పోతుంది, లేదా గుర్రుమంటుంది. మూడో వారం నుంచి ఎనిమిదో వారం దాకా ఇదే వాటి బడి. ఆ బడి మధ్యలో లాక్కొచ్చి అమ్మేస్తే ఆ పాఠం మన చేతుల మీద నేర్చుకుంటుంది. అందుకే మన దేశంలో 2017లో వచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల్లో ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదని ఉంది. కుక్కపిల్లల్ని పెంచి అమ్మేవాళ్ళు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్టర్ చేసుకోవాలి, అమ్మే పిల్లకి మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే గుర్తింపు నంబరు చిప్) ఉండాలి. మన దగ్గర స్టేటస్‌లు పెట్టి అమ్మేవాళ్ళలో ఇవి ఎంతమందికి ఉన్నాయో మీరే అడిగి చూడండి.

టాయిలెట్ ట్రైనింగ్ అనేది ఇంకా పెద్ద అబద్ధం. ఆ వయసు పిల్లకి మూత్రం పట్టి ఉంచే శక్తే ఉండదు. రెండు నెలల పిల్ల మెలకువగా ఉన్నప్పుడు గంటా రెండు గంటలు ఆపగలిగితే గొప్ప. అమ్మేవాడు ఏం ట్రైనింగ్ ఇచ్చి ఉంటాడు?

ఇప్పుడు అసలు మెలిక. కొరుకుడు తగ్గడం లేదని మళ్ళీ ఫోన్ చేస్తే ‘నాకు తెలిసిన ట్రైనర్ ఉన్నాడు, నెల రోజులు ఆయన దగ్గర ఉంచండి, మనిషిలా తయారవుతుంది’ అని నంబరు ఇచ్చాడు. ప్యాకేజీ 15,000, ఐదు వేలు అడ్వాన్సు. ఆయన ఇంటికొచ్చి చేసిన డెమో ఏమిటంటే, పిల్లని వెల్లకిలా పడేసి మెడ నొక్కిపట్టి, మూతి మీద చుట్టిన పేపరుతో కొట్టడం. అది అక్కడే భయంతో పోసేసుకుంది. ‘చూశారా, లొంగింది’ అన్నాడు. లొంగడం కాదు, బెదిరిపోయింది. ఆ తర్వాత చాలా రోజులు ఎవరు చేయి ఎత్తినా సోఫా కిందకి దూరేది. పిల్లని వాళ్ళు కుక్కల్ని ఉంచే చోటికి పంపడం మానేసి అడ్వాన్సు వెనక్కి అడిగితే రూల్స్ ఒప్పుకోవన్నాడు. రాత్రి మా ఆయన ఫోన్‌పే హిస్టరీ తీసి చూస్తే, ట్రైనర్ పంపిన క్యూఆర్ కోడ్ కింద వచ్చిన పేరూ, కుక్కపిల్లకి డబ్బు వేసిన పేరూ ఒకటే! పాలు మానకుండా పిల్లని అమ్మి, దానివల్ల వచ్చే తిప్పలకి మందు కూడా వాళ్ళే అమ్ముతున్నారన్నమాట.

పంపకపోవడం ఇంకో విధంగా కూడా మంచిదైంది. టీకాలు పూర్తి కాని పిల్లని పది కుక్కలుండే చోట పెడితే పార్వో అనే వైరస్ జబ్బు పట్టుకునే ప్రమాదం ఉంది. వాంతులు, రక్తంతో విరేచనాలు, ఒకటి రెండు రోజుల్లో ప్రాణం మీదకి వస్తుంది. ఆ వైరస్ నేల మీద నెలల తరబడి బతికే ఉంటుంది. తల్లి నుంచి వచ్చిన రక్షణ ఒంట్లో ఉన్నంతకాలం టీకా సరిగా పనిచేయకపోవచ్చు, అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు నిండేదాకా వేస్తారు. ‘ఒక్క ఇంజెక్షన్‌తో అన్నీ అయిపోయాయి’ అనేవాడి మాట వినకండి.

మాకు ఏం పనిచేసిందో కూడా చెబుతాను, ఇప్పటికే ఇలాంటి పిల్లని తెచ్చుకున్నవాళ్ళు ఉంటారు కదా. కొరికిన క్షణం చేయి లాక్కోకుండా, అరవకుండా ఆట ఆపేసి లేచిపోవడం. లాక్కుంటే అది ఇంకా ఆట అనుకుంటుంది. ఇంట్లో అందరూ ఒకేలా చేయాలి, ఒకరు ఆపేసి ఇంకొకరు నవ్వుతూ వేళ్ళు అందిస్తే ఏడాదైనా తెమలదు (మా మరిది ఇప్పటికీ వినడు). చిగుళ్ళ దురదకి తడిపిన పాత గుడ్డని ముడివేసి ఫ్రిజ్‌లో పెట్టి ఇచ్చాం, బాగా ఉపయోగపడింది. కాకపోతే పీలికలు మింగకుండా పక్కనే ఉండి చూసుకోవాలి. ఇంకో సంగతి మాకు ఆలస్యంగా అర్థమైంది. ఈ పిల్లలు రోజుకి పద్దెనిమిది, ఇరవై గంటలు నిద్రపోతాయి. సాయంత్రం పిచ్చిపట్టినట్టు కొరుకుతుంటే చాలాసార్లు అది నిద్ర చాలకే. ఇంట్లో పిల్లలంతా చుట్టూ చేరి ఆడిస్తుంటే అది ఎక్కడ పడుకుంటుంది? లైటు తీసేసి ఓ మూల పడుకోబెడితే ఐదు నిమిషాల్లో గుర్రుపెట్టేది.

రాత్రి ఏడుపుకి మందు మా మంచం పక్కనే దాని పక్క వేయడం. వరండాలో ఒంటరిగా కట్టేస్తే ‘అలవాటైపోతుంది’ అనేది వట్టి మాట. టాయిలెట్‌కి నిద్ర లేవగానే, తిన్నాక, ఆడాక వెంటనే ఒకే చోటికి తీసుకెళ్ళి, అక్కడ పోయగానే చిన్న ఉడికిన చికెన్ ముక్క. ఇంట్లో పోస్తే మూతి దాంట్లో రుద్దకండి, దానికి అర్థమయ్యేది మీ కోపం ఒక్కటే. ఈసారి మీకు కనపడకుండా సోఫా వెనక్కి వెళ్ళి పోస్తుంది. ఫినాయిల్‌తో తుడిచి వదిలేసినా లాభం లేదు, దాని వాసన మనకే, కుక్కకి మూత్రం వాసన తెలుస్తూనే ఉంటుంది. పైగా ఫినాయిల్ తడి నాకితే ప్రమాదం. మూత్రం వాసనని విరగ్గొట్టే ఎంజైమ్ క్లీనర్లు పెట్ షాపుల్లో దొరుకుతాయి.

టీకాలు పూర్తయ్యేదాకా నేల మీద దింపకుండా ఎత్తుకునే వీధిలోకి తీసుకెళ్ళేవాళ్ళం, ఆటోలు, బళ్ళు, మనుషులు అలవాటు కావడానికి. మూడు నుంచి పద్నాలుగు వారాల మధ్య చూసినవాటికే అది తర్వాత భయపడకుండా ఉంటుంది. పైడితల్లమ్మ సిరిమానోత్సవం రోజుల్లో మన ఊళ్ళో ఉండే డప్పుల మోతకి అలవాటు లేని కుక్క ఏమైపోతుందో పెంచినవాళ్ళకి తెలుసు.

ఇక కొనేముందు. తల్లిని, మిగతా పిల్లల్ని ఒకే చోట, పుట్టిన చోటే చూపించనివాడికి రూపాయి కూడా అడ్వాన్సు ఇవ్వకండి. నోరు తెరిచి పళ్ళు చూడండి, లేదా డబ్బు ఇవ్వకముందే దగ్గర్లోని పశువైద్యుడికి చూపిద్దాం రమ్మనండి. ఆ మాటకే సగం మంది తప్పుకుంటారు. గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, జిల్లా కేంద్రంలో ప్రభుత్వ పశువుల ఆసుపత్రి ఉంది, డాక్టరు దొరకడం అంత కష్టమేమీ కాదు. జాతి కుక్క అని కెన్నెల్ క్లబ్ ఇచ్చే కాగితాలున్నాయంటే మైక్రోచిప్ నంబరు కాగితం మీద ఉన్నదీ, పిల్లని స్కాన్ చేస్తే వచ్చేదీ ఒకటేనా చూడండి. మన ఉక్కపోతలో హస్కీ, సెయింట్ బెర్నార్డ్ పిల్లల్ని అంటగట్టేవాళ్ళ సంగతి ఇంకో రోజు రాస్తాను, అది వేరే పాపం.

ఇప్పటికే డబ్బు పోగొట్టుకున్నవాళ్ళు చాట్‌లు, క్యూఆర్ కోడ్, టీకాల పుస్తకం ఫొటోలు, డాక్టరు రాసిచ్చిన వయసు కాగితం భద్రంగా ఉంచుకుని 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. కొన్నదానికి చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజు లేకుండానే ఫిర్యాదు వేయొచ్చు, గడువు రెండేళ్ళు. మా ఆయన డాక్టరు కాగితంతో సహా ఫిర్యాదు తయారు చేస్తున్నారు. మీకూ ఇలాగే రింగ్ రోడ్డులో అట్టపెట్టెలోంచి పిల్లని ఇచ్చి, తర్వాత ట్రైనర్ నంబరు పంపి ఉంటే, ముందు ఆ రెండు పేమెంట్లలో పేర్లు సరిపోల్చి చూసుకుని నాకు మెసేజ్ చేయండి.