ఒక్క కుర్చీ మేలా, మొత్తం కౌన్సిల్ మేలా?

1887 ఫిబ్రవరిలో అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రం పట్టణ ఎన్నికల వరకు ఆడవాళ్లకు ఓటు హక్కు ఇచ్చింది. ఆ తరువాత పద్నాలుగు నెలల్లోనే అక్కడి మూడు చిన్న ఊళ్లు మూడు దారులు పట్టాయి. వాటిలో ఏది మేలు?

పేరు మోగింది ఆర్గోనియాది. అయిదు వందల జనాభా కూడా లేని ఊరు. మద్యం వద్దంటున్న మహిళా సంఘాన్ని నవ్వులపాలు చేయాలని కొందరు మగవాళ్లు ఒక ఎత్తు వేశారు. సంఘం అభ్యర్థుల జాబితానే తీసుకుని, మేయరు పదవి దగ్గర మాత్రం సంఘ సభ్యురాలు సుసన్నా సాల్టర్ పేరు పెట్టి చీటీలు సిద్ధం చేశారు. ఆమెకు అప్పుడు 27 ఏళ్లు. ఏప్రిల్ 4న, పోలింగు రోజున, కొందరు పెద్దలు ఇంటికి వచ్చి చెప్పేదాకా తాను పోటీలో ఉన్నట్టు ఆమెకే తెలియదు. గెలిపిస్తే పదవి చేపడతానని అక్కడికక్కడే మాటిచ్చారు. సంఘం మహిళలు తమ అభ్యర్థిని పక్కన పెట్టి ఆమెకే ఓటేశారు. పోలైన ఓట్లలో దాదాపు మూడింట రెండు వంతులు ఆమెకే పడ్డాయి!

ఆ తెగువకు చేతులెత్తి మొక్కాలి. కానీ కౌన్సిల్లో ఉన్నవాళ్లంతా మగవాళ్లే. ఆమె సభకు అధ్యక్షత వహించారు, నిర్ణయాలు వాళ్లవి. ఏడాదికి ఒక డాలరు జీతం అందుకుని, మళ్లీ పోటీ చేయలేదు.

అదే ఏడాది సిరక్యూస్‌లో ఇందుకు తలకిందులుగా జరిగింది. కౌన్సిల్లో అందరూ మహిళలు, మేయరు మాత్రం పురుషుడు. నన్నడిగితే ఇదే ఒక మెట్టు పైన. ఊరి డబ్బు దేనికి ఖర్చు పెట్టాలో తేల్చేది కౌన్సిల్ ఓటు కదా.

నా ఓటు మాత్రం ఆస్కలూసాకే. 1888 ఏప్రిల్లో అక్కడ మేరీ లోమన్ మేయరుగా, మరో అయిదుగురు మహిళలు కౌన్సిల్ సభ్యులుగా గెలిచారు. ప్రతిపాదించేవారూ ఆమోదించేవారూ వాళ్లే. వీధులు, కాలిబాటలు బాగుచేయించారు. ఆదివారం దుకాణాలు మూసి ఉంచాలన్న నిబంధనను అమలు చేశారు. వ్యాపారం చేసుకునేవాళ్లకు ఇది రుచించే పని కాదు. అయినా 1889లో ఊరు లోమన్‌నే మళ్లీ మేయరుగా ఎన్నుకుంది. మొదటిసారి వేసిన ఓటు వింత మీద మోజుతోనో, పాతవాళ్ల మీద కోపంతోనో వేసినది కావచ్చు. రెండోసారి వేసిన ఓటు మాత్రం ఏడాది పాటు వాళ్ల పని కళ్లారా చూసి వేసినది.