తిరుపతి ఎండల్లో పాత క్లాసిక్ 350: ఇంటి సర్వీసుతో ఏళ్ల తరబడి నడిపాక నా అభిప్రాయం

నాది 2013 మోడల్ రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350, కార్బొరేటర్ (పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజన్‌కి పంపే భాగం) ఉన్న బండి. చిత్తూరులో తెలిసినాయన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను, మీటరు డెబ్బై వేలు ఎప్పుడో దాటింది. రోజూ కొర్లగుంట నుంచి రేణిగుంట వైపు డ్యూటీకి, సెలవు దొరికితే పాకాల పక్కన మా ఊరికి, అప్పుడప్పుడు కొండకి. మొదటి ఏడాది తర్వాత సర్వీసు మొత్తం ఇంటి దగ్గరే, మెట్ల కింద జాగాలో చేసుకుంటున్నా. ఈ మధ్య వచ్చిన 349 సీసీ బళ్ల సంగతి వేరు, వాటి గురించి నేను మాట్లాడటం లేదు.

బండి మొండిది, నమ్మకమైనది, నాకు ప్రాణం. కానీ దీనికి రేడియేటర్ లేదు, ఫ్యాన్ లేదు, ఇంజన్ చల్లబడాలంటే దాని చుట్టూ ఉన్న లోహపు రెక్కల మధ్యలోంచి పోయే గాలి, లోపల తిరిగే ఆయిల్, ఈ రెండే దిక్కు. మే నెలలో మన ఊళ్లో 42, 43 డిగ్రీలు కాస్తుంటే ఆ గాలి కూడా వేడిగాలే. అందుకని ఈ బండికి ఏం చేసినా, అది సర్వీసైనా మోడిఫికేషనైనా, ముందు నేను వేసుకునే ప్రశ్న ఒకటే: దీనివల్ల ఇంజన్ వేడి పెరుగుతుందా, తగ్గుతుందా? పెరిగేదైతే ఎంత అందంగా ఉన్నా నాకొద్దు.

ఇంజన్ లెక్కలు చూస్తే, బోరు (సిలిండర్ వెడల్పు) 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 90 మిల్లీమీటర్లు, 5250 ఆర్‌పీఎం దగ్గర 19.8 హార్స్‌పవర్, 4000 దగ్గర 28 న్యూటన్ మీటర్ల టార్కు (లాగే బలం). పొడుగు స్ట్రోకు ఇంజన్ కాబట్టి నిదానంగా లాగడానికి పుట్టింది. నాయుడుపేట రోడ్డు మీద 70, 80లో ఎంతసేపు పోయినా ఒక్క మాట అనదు. అదే రోడ్డు మీద 100 పైన పట్టుకుని కూర్చుంటే మటుకు వేడెక్కుతుంది, వైబ్రేషన్‌కి బోల్టులు లూజవుతాయి. వేగం కావాలనుకునేవాళ్లు వేరే బండి చూసుకోవడం మేలు, దీన్ని పీడించొద్దు.

అసలు పరీక్ష తిరుమల ఘాటు. ఎండాకాలం మధ్యాహ్నం రెండో ఘాట్‌లో ఎక్కుతూ ఆర్టీసీ బస్సు వెనక ఇరుక్కున్నామనుకోండి, రెండో గేరులో పదిహేను, ఇరవైలో పోతుంటాం, ఇంజన్ మాత్రం గట్టిగా పనిచేస్తుంటుంది, గాలి మాత్రం తగలదు. అప్పుడు పికప్ పడిపోవడం, లోపల్నుంచి కిటకిట శబ్దం, ఆపితే ఐడిల్ (థ్రాటిల్ తిప్పకుండా ఇంజన్ తనంతట నడవడం) నిలబడకపోవడం, ఇవన్నీ వేడి తలకెక్కిందని గుర్తు. ఓవర్‌టేక్ చేద్దామని ఇంకా థ్రాటిల్ తిప్పకుండా, జాగా ఉన్నచోట పక్కన ఆపేసి పది నిమిషాలు ఊరుకోండి. సలసల కాగే ఇంజన్ మీద బాటిల్ నీళ్లు పోసేవాళ్లని నేను కళ్లారా చూశాను, దయచేసి ఆ పని చేయకండి. కాలిన అల్యూమినియం మీద ఒక్కసారిగా చల్లనీళ్లు పడితే లోహం వంకర పోవచ్చు, పగుళ్లు రావచ్చు. దిగేటప్పుడు వెనక డ్రమ్ బ్రేకు మీద కాలు పెట్టుకుని రావద్దు, గేరులోనే దించండి, ఈ ఇంజన్ బ్రేకింగ్ అందుకు బాగా సరిపోతుంది.

ఇక ఆయిల్. ఇంట్లో చేసుకునే పనుల్లో ఇదే మొదటిది, ఇదే ముఖ్యం. ఇందులో ఇంజన్‌కి, గేర్‌బాక్స్‌కి, క్లచ్‌కి అన్నింటికీ ఒకటే ఆయిల్. 15డబ్ల్యూ50 వేయాలి, డబ్బా మీద జాసో ఎంఏ (ఆయిల్‌లో మునిగి ఉండే బైకు క్లచ్‌కి సరిపోతుందనే గుర్తు) అని ఉందో లేదో చూసుకోవాలి. కారు ఆయిల్ మిగిలిందని పోస్తే క్లచ్ ప్లేట్లు జారతాయి. నేను మూడు వేల కిలోమీటర్లకి మారుస్తాను, ఎండాకాలం ముందు మాత్రం కిలోమీటర్లు చూడకుండా మార్చేస్తాను. బండిని కాసేపు నడిపి, ఇంజన్ గోరువెచ్చగా ఉండగా కింద బేసిన్ పెట్టి డ్రెయిన్ బోల్టు విప్పితే నల్లటి ఆయిల్ మొదట ధారగా, తర్వాత బొట్లు బొట్లుగా దిగుతుంది. తొందరపడకుండా అరగంట వదిలేయండి. నేను అయస్కాంతం ఉన్న డ్రెయిన్ బోల్టు వేసుకున్నా. దాని కొనకి బూడిదరంగు పేస్టులాంటిది కొద్దిగా అంటుకుని వస్తుంది. వేళ్ల మధ్య రుద్దితే మెత్తగా కాటుకలా ఉంటే భయం లేదు, అది మామూలు అరుగుదలే. గోటికి గరుకుగా తగిలే ముక్కలు, మెరిసే పొలుసులు కనిపిస్తే మాత్రం బండి తీయకుండా మెకానిక్‌ని పిలవాలి. చిన్న ఖర్చు, కానీ ఇంజన్ లోపల ఏం జరుగుతోందో ప్రతిసారీ చెబుతుంది. ఇన్నేళ్లలో నేను పెట్టిన డబ్బుకి పూర్తి ఫలితం ఇచ్చిన వస్తువు ఇదే.

ఫిల్టరు కూడా ప్రతిసారీ మారుస్తా, దాంతోపాటే ఓ-రింగులు (ఆయిల్ కారకుండా మూత దగ్గర ఉండే రబ్బరు రింగులు). పాత ఓ-రింగు బాగానే ఉంది కదా అని మళ్లీ వేస్తే వారంలో మూత దగ్గర చెమ్మ కనిపిస్తుంది. ఫిల్టరు మూత బోల్టులు చిన్నవి, 10 న్యూటన్ మీటర్లు చాలు. అల్యూమినియంలో మర పోతే దాన్ని బాగు చేయించడం పెద్ద తలనొప్పి కాబట్టి ఇంట్లో పని చేసుకోవాలనుకునేవాళ్లు స్టిక్కర్ల కంటే ముందు ఒక టార్క్ రెంచి కొనుక్కోండి. కొత్త ఆయిల్ పోశాక సెంటర్ స్టాండు వేసి, ఇంజన్ కాసేపు నడిపి ఆపి, కొన్ని నిమిషాలాగి సైట్ గ్లాసులో (ఆయిల్ కనిపించే చిన్న అద్దం) లెవెల్ చూడాలి. సైడ్ స్టాండు మీద చూస్తే తప్పుడు లెక్క వస్తుంది. ఎక్కువ పోస్తే మంచిదనుకోవద్దు, ఎక్కువైన ఆయిల్ బ్రీదర్ గొట్టం గుండా పోయి ఎయిర్ ఫిల్టర్ పెట్టెలో తేలుతుంది. ట్యాపెట్ల (వాల్వులని కదిలించే భాగాలు) సందు సర్దే గొడవ మాత్రం లేదు, హైడ్రాలిక్ కాబట్టి వాటంతట అవే సర్దుకుంటాయి. పాత బుల్లెట్లు వాడినవాళ్లకి ఆ సుఖం ఏంటో తెలుస్తుంది.

చాలామంది పట్టించుకోని చోటు ఒకటుంది. కార్బొరేటర్‌కీ సిలిండర్ హెడ్‌కీ మధ్య రబ్బరు మ్యానిఫోల్డ్. హెడ్ వేడికి ఏళ్ల తరబడి కాలి కాలి అది గట్టిపడుతుంది, అడుగువైపు సన్నటి పగుళ్లు వస్తాయి, పైనుంచి చూస్తే ఏమీ కనిపించదు. ఆ పగుళ్లలోంచి లెక్కలో లేని గాలి లోపలికి పోతుంది. ఐడిల్ ఒకసారి ఎక్కుతుంది, ఒకసారి దిగుతుంది, థ్రాటిల్ వదిలితే సైలెన్సర్‌లో పటపటమంటుంది, ఇంజన్ మామూలుకంటే వేడెక్కుతుంది. నా బండికి ఇదే జరిగితే ఒక షెడ్డులో కార్బొరేటర్ మార్చాలన్నారు. మా వీధి చివర మెకానిక్ భాయ్ మటుకు మోకాళ్ల మీద కూర్చుని టార్చి వేసి చూసి, "అన్నా, కార్బొరేటర్ జోలికి పోవద్దు, రబ్బర్ పోయింది, వంచి చూడు" అన్నాడు. విప్పి వంచితే కింద గోరు పట్టేంత చీలిక. ఆ రబ్బరు మార్చగానే బండి కుదురుకుంది. ఇంట్లోనే కనిపెట్టాలంటే, చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన వెంటనే ఆ రబ్బరు చుట్టూ డబ్ల్యూడీ-40 కొద్దిగా కొట్టండి, ఇంజన్ చప్పుడు మారితే లీకు ఉన్నట్టే. వేడి ఇంజన్ మీద మాత్రం కొట్టకండి, అది మండే సరుకు.

ఈ మధ్య దీనికి తోడు పెట్రోలు గొడవ వచ్చింది. ఇప్పుడు దాదాపు ఎక్కడ పట్టించినా 20 శాతం దాకా ఇథనాల్. మామూలు పెట్రోలు ఒక పాలు పూర్తిగా మండాలంటే బరువు లెక్కన దాదాపు 14.7 పాళ్ల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 చాలు. ఇంజక్షన్ బండి అయితే సెన్సార్ చూసి సర్దుకుంటుంది. మన కార్బొరేటర్‌కి ఆ తెలివి లేదు, పాత లెక్కనే పెట్రోలు వదులుతుంది, దాంతో మిశ్రమం పలచబడుతుంది, అంటే గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ. పలచని మిశ్రమం అంటే ఈ ఇంజన్‌కి వేడి. నేను చేసిందేంటంటే, ఇంజన్ బాగా కాగాక కార్బొరేటర్‌లో ఆ మిశ్రమాన్ని సర్దే మిక్చర్ స్క్రూని పావు చుట్టు చొప్పున బయటికి తిప్పుతూ ఐడిల్ ఎక్కడ గట్టిగా నిలబడిందో అక్కడ ఆపాను. చలికాలం స్టార్టింగ్ మెరుగైంది, సిగ్నల్ దగ్గర ఆగిపోవడం తగ్గింది. ఆ స్క్రూ ప్రభావం ఐడిల్‌కి, చిన్న థ్రాటిల్‌కి మాత్రమే, ఆ పైన థ్రాటిల్‌కి కార్బొరేటర్‌లో పెట్రోలు కొలిచి వదిలే జెట్టూ నీడిలూ చూసుకుంటాయి, అందుకే రెండు స్పార్క్ ప్లగ్గులూ విప్పి రంగు చూస్తుంటా. లేత ఇటుక రంగులో ఉంటే సరి, తెల్లగా సున్నం కొట్టినట్టుంటే పలచన, నల్ల మసి ఉంటే చిక్కన. బండిని వారాల పాటు తీయకపోతే కార్బొరేటర్ అడుగున ఉన్న పెట్రోలు వదిలేయండి, ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది. కంప్రెషన్ నిష్పత్తి 8.5 మాత్రమే కాబట్టి ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు పోసి డబ్బులు తగలేయక్కర్లేదు.

మోడిఫికేషన్ల సంగతికొస్తే, బండి కొన్నప్పుడు పాత ఓనరు బిగించిన గొట్టం సైలెన్సర్, కోన్ ఫిల్టర్ (శంకు ఆకారపు ఎయిర్ ఫిల్టర్) ఉండేవి. రెండూ పీకేసి కంపెనీవి పెట్టాను. గాలి లోపలికీ బయటికీ ఎక్కువ పోతోంది, జెట్టు మాత్రం పాతదే, అంటే మళ్లీ పలచన మిశ్రమం, మళ్లీ వేడి. పైగా రేణిగుంట రోడ్డు దుమ్ములో ఆ కోన్ ఫిల్టర్ సన్నటి ఇసుకని ఆపలేదు, అది నేరుగా పిస్టన్ రింగుల్ని అరగదీస్తుంది. శబ్దం గురించి కూడా చెప్పాలి. రుయా ఆస్పత్రి ముందు నుంచి అర్ధరాత్రి ఆ మోతతో పోవడం మంచి పని కాదు, పోలీసులు ఫైన్ వేస్తే వాళ్లని తప్పుపట్టలేం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్‌లో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. ట్యాంకు రంగు మార్చాలన్నా ఆర్‌సీలో రాయించుకోవాలి.

నేను చేసి సంతోషపడినవి చాలా సాదా మార్పులు. హెడ్‌లైట్‌కి రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని వేసి ఆపే స్విచ్చు) వైరింగ్ అన్నింటికంటే ముందు. 60 వాట్ల బల్బు అంటే 12 వోల్టుల మీద 5 ఆంపియర్లు, అదంతా హ్యాండిల్ స్విచ్చు గుండా పోతే లోపలి కాంటాక్టులు కాలతాయి, వెలుగూ తగ్గుతుంది. రిలే పెట్టి, ఫ్యూజు వేసి, బ్యాటరీ నుంచి నేరుగా ఇచ్చాక పాకాల రోడ్డులో రాత్రిపూట గుంతలు ముందే కనిపిస్తున్నాయి. బ్యాటరీ మన కరకంబాడిలో తయారయ్యే అమరాన్ వాడుతున్నా, ఇప్పటిదాకా ఇబ్బంది పెట్టలేదు. సీటు ఫోమ్ మార్పించాను, నడుము నొప్పి తగ్గింది. లెగ్ గార్డు ఉంది, కానీ దానికి రెక్సిన్ షీటు కట్టలేదు. వాన చినుకులు కాళ్ల మీద పడకుండా కొంతమంది కడతారు, అది సిలిండర్‌కి పోయే గాలికి అడ్డం. రెక్కల మధ్య ఎండిన బురదని పాత టూత్ బ్రష్‌తో తీస్తుంటాను. బోరు నీళ్లతో కడిగితే వెంటనే తుడవాలి, లేకపోతే తెల్లటి ఉప్పు మరకలు పడతాయి.

చైన్ ఇంట్లోనే సులభంగా చూసుకోవచ్చు. వారానికోసారి గేర్ ఆయిల్ రాసి మిగిలింది తుడిచేస్తే దుమ్ము అంటదు, లూజు రెండున్నర నుంచి మూడు సెంటీమీటర్లు ఉంచితే చాలు. కేబుళ్లకి ఎండాకాలం ముందు ఒకసారి నూనె.

హెడ్ విప్పడం, క్లచ్ ప్లేట్లు, ఫోర్కు పని మాత్రం భాయ్‌కే ఇస్తాను. స్పేర్ల కోసం తిరుపతిలో దొరకనివి మద్రాసు పుదుపేటలో, జీపీ రోడ్డులో దొరుకుతాయి, పొద్దున పోతే సాయంత్రానికి వచ్చేయొచ్చు. బండి తయారయ్యేదీ మద్రాసులోనే కాబట్టి మనకి పార్టుల కొరత రాదు. డూప్లికేట్లు కూడా అక్కడే ఎక్కువ, మ్యానిఫోల్డ్ రబ్బరు, ఓ-రింగులు, ఫిల్టరు ఈ మూడూ ఒరిజినల్ ప్యాకింగ్ చూసే తీసుకోండి.

ఇప్పుడు ఈ మోడల్ పాతది కొనాలనుకునేవాళ్లకి: పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్లి చూడండి, ముందే స్టార్ట్ చేసి పెట్టమని చెప్పొద్దు. రెక్కల మధ్య హెడ్ జాయింటు దగ్గర నూనె చెమ్మ ఉందేమో వేలితో తడిమి చూడండి. అరగంట నడిపాక ఐడిల్ నిలబడుతోందా, నీలం పొగ వస్తోందా గమనించండి. ఎయిర్ ఫిల్టర్ పెట్టె మూత ఒక్కసారి తీయించండి, లోపల దుమ్ము, నూనె కలిసి పేరుకుని ఉంటే ధర ఎంత తగ్గించినా వద్దు. సైలెన్సర్ మార్చి ఉంటే కంపెనీది ఉందా అని అడగండి, ఉంటే దాన్ని కూడా బండితోపాటే తెచ్చుకోండి.