డెక్ ప్యానెళ్లు: షట్టరింగ్ బాధ తప్పింది, కానీ...

వంతెన డెక్ (వాహనాలు నడిచే పై స్లాబు) పోయడానికి గర్డర్ల (కింది పొడవాటి దూలాల) మధ్య సెంట్రింగ్ కట్టించి విసిగిపోయిన సైట్ ఇంజనీర్లకు ఈ ప్రీకాస్ట్ (ఫ్యాక్టరీలో ముందే పోసిన), ప్రీస్ట్రెస్డ్ (లోపలి స్టీలు తీగలను లాగి బిగించిన) ప్యానెళ్లు పెద్ద ఊరట. 90 మి.మీ. మందం పలకను క్రేన్‌తో దించి కూర్చోబెడితే చాలు, పైన స్లాబ్ పోశాక రెండూ కలిసి బరువు మోస్తాయి. కింద రైళ్లు నడుస్తున్న చోట దీని విలువ తెలుస్తుంది.

మాకొచ్చిన సరుకులో కాంక్రీటుకు వంక పెట్టలేను. కొన్నిటి పైముఖం మాత్రం నున్నగా ఉంది. "ఏం కాదు సార్" అన్నాడు సప్లయర్. ఎందుకు కాదు? గరుకు లేకపోతే కొత్త కాంక్రీటు పట్టదు. వెనక్కి పంపించాం.

అసలు తలనొప్పి ప్యానెల్ గర్డర్ మీద కూర్చునే అంచుల దగ్గరే. ప్యానెల్‌ను మెత్తటి ఫోమ్ పట్టీ మీదే శాశ్వతంగా వదిలేస్తే పై స్లాబులో గర్డర్ వెంబడి పగుళ్లు వస్తాయి. పట్టీని గర్డర్ అంచుకు జరిపి, ప్యానెల్ చివర కిందికి కాంక్రీటు దూరేంత సందు ఉంచాలి, వైబ్రేటర్ బాగా ఆడించాలి. పోసే ముందు ప్యానెళ్లను తడపాలి, నీళ్లు నిలవనివ్వకూడదు. ప్యానెళ్ల అతుకుల మీద సన్నటి గీతలు ఎలాగూ కనిపిస్తాయి, పై స్లాబులో సరిపడా స్టీలుంటే వాటికి కంగారక్కర్లేదు.

నేరుగా సాగే వంతెనకైతే మళ్లీ ఇవే తీసుకుంటాను. బాగా వంపు తిరిగే డెక్‌కు మాత్రం మామూలు షట్టరింగే నయం, ప్రతి ప్యానెల్‌కూ వేరే కొలతంటే ఫ్యాక్టరీలో ఆదా ఏముంటుంది?