జాగ్రత్త: బయటి ప్యాడ్ ఒక్కటే చూసి "ఇంకా సగం ఉంది" అంటే నమ్మకండి

సర్వీసు నుంచి వచ్చిన కారు కాగితం మీద "బ్రేక్ ప్యాడ్లు బాగున్నాయి" అని రాసి ఉంటుంది. కొన్నాళ్లకే ముందు చక్రం దగ్గర గరగర మొదలవుతుంది. విప్పి చూస్తే లోపలి ప్యాడ్ ఇనుము దాకా అరిగిపోయి, చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లెం, అంటే డిస్క్ మీద లోతైన గాడులు పడి ఉంటాయి. ప్యాడ్లతో పోయే పని డిస్కుల దాకా పోతుంది. చాలాసార్లు దీనికి కారణం ఒక్కటే. చూసినవాళ్లు చక్రం విప్పకుండా, అల్లాయ్ చక్రం సందుల్లోంచి కనిపించే బయటి ప్యాడ్‌ను మాత్రమే చూశారు.

ప్యాడ్లను పట్టుకుని డిస్క్‌కి అదిమే భాగం పేరు క్యాలిపర్. ఎక్కువ కార్లలో ఉండేది పక్కకు జరిగే రకం. బ్రేకు నొక్కితే ఆయిల్ ఒత్తిడికి అందులోని పిస్టన్ కదిలి, లోపలి వైపు ప్యాడ్‌ను నెడుతుంది. ఆ ఒత్తిడికి క్యాలిపర్ మొత్తం స్లైడ్ పిన్నుల మీద లోపలికి జరిగి, బయటి ప్యాడ్‌ను డిస్క్‌కి అదుముతుంది. పిన్నులు తుప్పుపట్టినా, గ్రీజు ఎండిపోయినా క్యాలిపర్ జరగదు. అప్పుడు అరుగుదల అంతా లోపలి ప్యాడ్ మీదే పడుతుంది. బయటిది ఆరు మిల్లీమీటర్లు ఉన్నా లోపలిది ఒక్క మిల్లీమీటరుకు దిగి ఉండొచ్చు. అందుకే చక్రం విప్పించండి, రెండు ప్యాడ్లూ చూపించమనండి, పైకొనా కిందికొనా కూడా చూడండి. లోపలికీ బయటికీ రెండు మిల్లీమీటర్లకు మించి తేడా ఉన్నా, ఒకే ప్యాడ్ ఏటవాలుగా అరిగినా పిన్నులనో పిస్టన్‌నో అనుమానించాలి. ఆ లోపం సరిచేయకుండా కొత్త ప్యాడ్లు వేస్తే అవీ అలాగే పోతాయి.

కొలతలో ఇంకో మోసం ఉంది, తెలిసి చేసినా తెలియక చేసినా నష్టం మీకే. ప్యాడ్ అంటే రెండు పొరలు: వెనక స్టీల్ ప్లేటు, దాని మీద అతికించిన రాపిడి పదార్థం. ప్లేటు ఒక్కటే దాదాపు ఐదు మిల్లీమీటర్లు ఉంటుంది. దాన్నీ కలిపి కొలిచి "ఏడు ఉంది" అంటే నిజంగా మిగిలింది రెండే. కొత్త ముందు ప్యాడ్‌లో రాపిడి పదార్థం సాధారణంగా 10 నుంచి 12 మి.మీ. ఉంటుంది. అది 3 మి.మీ.కి వచ్చిందంటే మార్చే సమయం వచ్చినట్టే. చాలా కార్లకు 2 మి.మీ. ఆఖరి హద్దు, మీ కారు పుస్తకంలో వేరే అంకె ఉంటే అదే ప్రమాణం. కిలోమీటర్ల లెక్క మాత్రం పట్టుకోకండి. నగరంలో ఆగుతూ నడిచే బండికీ, హైవే మీద నడిచే బండికీ ఒకే రకం ప్యాడ్ ఆయుష్షు రెండింతల తేడాతో ఉండొచ్చు. ఘాట్ రోడ్డు తోడైతే ఇంకా తగ్గుతుంది.

శబ్దం వచ్చాక చూద్దాం అనుకోవడమూ ప్రమాదమే. అరుగుదల తెలపడానికి కొన్ని ప్యాడ్లకు చిన్న స్ప్రింగు రేకు ఉంటుంది. పదార్థం హద్దుకు వచ్చినప్పుడు అది డిస్క్‌కి తగిలి సన్నగా కీచుమంటుంది. కానీ ఆ రేకు అన్ని ప్యాడ్లకూ ఉండదు, ఒక చక్రంలో ఒక్క ప్యాడ్‌కే ఉండటం మామూలు. సెన్సర్ వైరు ఉన్న కార్లలోనూ అంతే: వైరు లేని ప్యాడ్ ముందు అరిగితే డ్యాష్‌బోర్డు మీద దీపం వెలగదు. రాత్రంతా ఆగిన బండి పొద్దున మొదటి ఒకటి రెండు బ్రేకులకు చేసే చప్పుడు డిస్క్ మీది తుప్పుది, దానికి ప్యాడ్లు మార్చనక్కర్లేదు. బ్రేకు వేస్తే స్టీరింగ్ వణికితే ముందుగా డిస్క్ మందంలో హెచ్చుతగ్గులు చూడాలి, కొత్త ప్యాడ్లతో అది పోదు. గరగరమనే లోహపు శబ్దం వినిపిస్తే మాత్రం ప్లేటు డిస్క్‌ను కోస్తోందనే అర్థం, ఇక నడపకండి.

బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం మెల్లగా తగ్గడం కూడా ప్యాడ్లు అరుగుతున్నాయనడానికి గుర్తే. ప్యాడ్ పలచబడ్డ కొద్దీ పిస్టన్ బయటికొచ్చి, ఆ ఖాళీలోకి ఆయిల్ దిగుతుంది. ఎవరైనా దాన్ని చూడకుండానే నింపేస్తే గుర్తు చెరిగిపోతుంది. తర్వాత కొత్త ప్యాడ్ల కోసం పిస్టన్‌ను వెనక్కి నెట్టినప్పుడు డబ్బా పొర్లి, పెయింటు పాడవుతుంది. మట్టం ఒక్కసారిగా పడిపోతే అది అరుగుదల కాదు, లీకు. వెంటనే బండి ఆపాలి.

ఇక కొనేటప్పుడు. నకిలీ ప్యాడ్లు పేరున్న కంపెనీల డబ్బాల్లోనే వస్తాయి, డబ్బా చూసి మోసపోవద్దు. ప్యాడ్‌ను చేతిలోకి తీసుకుని ప్లేటుకీ పదార్థానికీ మధ్య గీటు చూడండి: ఎక్కడా సందు, బీట, గోరుతో రాలే పొడి ఉండకూడదు. అక్కడ అతుకు బలహీనంగా ఉంటే వేడెక్కినప్పుడు పదార్థం ఊడి వచ్చేస్తుంది. అంచు మీద రెండు అక్షరాల రాపిడి గుర్తు చాలా ప్యాడ్లకు ఉంటుంది. మొదటి అక్షరం మామూలు వేడిలో, రెండోది ఎక్కువ వేడిలో పట్టు ఎంతో చెబుతుంది. 'E' కంటే 'F'కి, 'F' కంటే 'G'కి పట్టు ఎక్కువ. యూరప్ ప్రమాణం పాటించినవాటి మీద ఆర్ 90 ఆమోద సంఖ్య ఉంటుంది. అచ్చు మసకగా ఉన్నా, డబ్బా మీద పార్ట్ నంబరు, ప్యాడ్ మీద నంబరు కలవకపోయినా తిప్పి ఇచ్చేయండి.

బిగించేటప్పుడు దగ్గరుండి చూడగలిగితే చాలా మంచిది. ఒకే ఇరుసు మీద రెండు చక్రాలకూ కలిపే మార్చాలి. ఒక పక్కే కొత్తవి వేస్తే బ్రేకు వేసినప్పుడు బండి పక్కకి లాగుతుంది. డిస్క్ మీద ముద్రించిన కనీస మందం దగ్గరికి వచ్చిందేమో కొలిపించండి. పిన్నులు శుభ్రం చేసి, రబ్బరును ఉబ్బించని బ్రేక్ గ్రీజు రాయాలి, మామూలు గ్రీజు రాస్తే పిన్నుల చుట్టూ ఉండే రబ్బరు బుషులు ఉబ్బి పిన్నులు మళ్లీ పట్టేస్తాయి. విప్పిన క్యాలిపర్‌ను బ్రేక్ ఆయిల్ గొట్టం మీద వేలాడనివ్వకూడదు, తీగతో కట్టాలి. ఎలక్ట్రిక్ హ్యాండ్ బ్రేక్ ఉన్న కార్లలో వెనక బ్రేకును సర్వీసు మోడ్‌లో (మరమ్మతు కోసం హ్యాండ్ బ్రేకును వదులు చేసే ఏర్పాటు) పెట్టకుండా పిస్టన్‌ను బలవంతంగా నెడితే ఆ హ్యాండ్ బ్రేక్ మోటారు పాడవుతుంది. పాత ప్యాడ్లు నాలుగూ మీకు చూపించాలి, అడగడానికి మొహమాటపడకండి.

సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లు "కొత్త ప్యాడ్లు వేశాం" అన్న మాట దగ్గర ఆగకుండా డిస్క్ అంచును తడిమి చూడండి (బండి చల్లారాకే). అంచు దగ్గర గట్టు లేచి, మధ్యలో గాడులుంటే అరిగిన డిస్క్ మీద కొత్త ప్యాడ్లు వేశారన్నమాట.

పని ముగిశాక బండి కదిపే ముందే పెడల్ గట్టిపడే దాకా పంపు చేయాలి, లేదంటే మొదటి బ్రేకుకు పెడల్ నేల తాకుతుంది. తర్వాత ఖాళీ రోడ్డు మీద 50 కి.మీ. వేగం నుంచి పదికి, పూర్తిగా ఆపకుండా, ఎనిమిది పదిసార్లు మెల్లగా తగ్గించి, మధ్యలో చల్లారనిస్తే పదార్థం డిస్క్‌కి సమంగా పడుతుంది. ప్యాడ్ తయారీదారు వేరే పద్ధతి చెబితే అదే పాటించండి. పెడల్ మెత్తగానే ఉంటే గాలి చేరిందో, లీకు ఉందో తేలేదాకా బండిని అక్కడే ఉంచండి.