మాట సాయానికి ట్యాబ్: ఆటిజం ఉన్న మా అబ్బాయితో కొన్నేళ్ల వాడకం

మా అబ్బాయికి పదహారేళ్లు. ఆటిజం వల్ల నోటిమాట కొద్ది పదాల దగ్గరే నిలిచిపోయింది. కొన్నేళ్లుగా వాడు మాట కోసం వాడుతున్నది బొమ్మల గడులున్న యాప్ వేసిన పది అంగుళాల ఆండ్రాయిడ్ ట్యాబ్. గడిని తాకితే ఆ పదాన్ని యంత్రస్వరం పలుకుతుంది, వరసగా తాకుతూ పోతే వాక్యమవుతుంది. 2010లో ఐప్యాడ్ రాకముందు ఈ పనికి ప్రత్యేకంగా చేసిన ఖరీదైన యంత్రాలే ప్రధానంగా ఉండేవి. ఇప్పుడు చెన్నైలో రూపొందిన ఆవాజ్ వంటి యాప్‌లు మామూలు ట్యాబ్‌లోనే ఆ పని చేస్తున్నాయి.

తెలుగు ఇళ్లలో వాడేవారు మొదట చూసుకోవలసింది వాక్యం కూర్పు. నేను వాడిన యాప్‌లో గడుల అమరిక ఇంగ్లీషు వాక్యాన్ని బట్టి చేసినది కావడంతో, ‘నేను’, ‘నీళ్లు’, ‘కావాలి’ అని నొక్కితే ట్యాబ్ ‘నేను’ను ‘నాకు’గా మార్చకుండా అలాగే అప్పజెప్పేది. అందుకే ‘నాకు’, ‘నన్ను’, ‘నాతో’ అనే రూపాలకు విడివిడిగా గడులు పెట్టాను. వాటిలో ఎక్కువగా పనికివచ్చింది ‘నాకు’, ఎందుకంటే ఆకలి, దాహం, నొప్పి, భయం, ఇష్టం అన్నీ దాని వెంటే నడుస్తాయి. క్రియల రూపాలన్నీ పెడితే తెర నిండిపోతుంది కనుక, రోజూ వాడే కొన్నిటికి మాత్రమే ‘తిన్నాను’, ‘తింటాను’, ‘తినను’ లాంటివి ఉంచాను. ఒకసారి పెట్టిన గడి చోటు మార్చకపోవడం మంచిది, బొమ్మను వెతికేలోపే వేలు ఆ చోటికి పోతుంది.

యుక్తవయసు పిల్లలకు నర్సరీ బొమ్మలు, ‘ఇవ్వు’, ‘కావాలి’ మాత్రమే ఉన్న పలక చాలదు. మా వాడి మొదటి పేజీలో ‘వద్దు’, ‘ఆపండి’, ‘ఒంటరిగా ఉండాలి’, ‘తలుపు వేయండి’ ఉన్నాయి. శరీరంలో వచ్చే మార్పులు, ఎక్కడ నొప్పిగా ఉందో చెప్పే పదాలు, ఎవరైనా ఇష్టం లేకుండా ముట్టుకుంటే చెప్పవలసిన మాటలు కూడా ఉన్నాయి. బంధువులు వీటిని చూసి మొహమాటపడతారు. పడనివ్వండి. విజయవాడ బెసంట్ రోడ్డు దగ్గర పునుగుల బండివాడితో ‘కారం వద్దు’ అని మా వాడే చెప్పుకుంటాడు. మా ఇంట్లో పునుగులకు ఇంతకంటే పెద్ద గౌరవం దక్కలేదు.

ట్యాబ్ చేతికిచ్చినంత మాత్రాన మాట రాదు. ఇంట్లోవాళ్లు మాట్లాడేటప్పుడు తామూ గడులు నొక్కి చూపించాలి. ‘బస్సు వచ్చింది, పద’ అంటూ నేను నోటితో చెబుతూనే ‘బస్సు’, ‘పద’ నొక్కుతాను, వాడిని తిరిగి నొక్కమని బలవంతపెట్టను. ట్యాబ్ వాడితే ఉన్న నోటిమాట కూడా పోతుందేమోనన్న భయం చాలా ఇళ్లలో వినిపిస్తుంది. 2006లో వెలువడిన ఒక పరిశోధనల సమీక్ష, గట్టి ఆధారాలున్న 27 మందిలో ఎవరికీ ఇలాంటి సాయంతో మాట తగ్గలేదని, ఎక్కువమందికి కొంత పెరిగిందని తేల్చింది. మా వాడు ‘పద’ అనే మాటను ఇప్పుడు ట్యాబ్‌తో పాటు తానూ పలుకుతున్నాడు.

లోపాలు లేకపోలేదు. మే నెల ఎండలో బందరు రోడ్డు మీద తెర కనబడదు, ట్యాబ్ వేడెక్కి కొన్నిసార్లు ఆగిపోతుంది. బస్టాండులో ఎంత పెంచినా దాని గొంతు వినబడదు, పైగా ఆ గొంతు ఒక పెద్దావిడది, పదహారేళ్ల కుర్రాడికి నప్పదు. యూట్యూబ్ ఉన్న ట్యాబ్‌తోనే మాట నేర్పాలనుకోవడం వృథా ప్రయాస. వీడియోలకు వేరే పరికరం ఉంచి, దీన్ని స్క్రీన్ పిన్నింగుతో ఒకే యాప్‌కు కట్టేశాను.

మా వాడు చదివిన బడిలో దీన్ని మొదట ఆటవస్తువుగా భావించి తీయించేశారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం భావవ్యక్తీకరణ సాధనాల్లో ఇలాంటి ప్రత్యామ్నాయ పద్ధతులనూ చేర్చిందని రాసి ఇచ్చిన తరువాత అనుమతించారు. అక్కడ ‘మీరు’, ‘అండీ’ గడులు ముందు పేజీకి వచ్చాయి.

కొనేవారు ముందు తమకు కావలసిన తెలుగు వాక్యాలు కొన్ని దుకాణంలోనే నొక్కించి వినడం మంచిది. ముఖ్యమైన గడుల బొమ్మలను కాగితం మీద అచ్చు తీయించి, లామినేషన్ చేయించి సంచిలో ఉంచుకోవాలి. ఛార్జింగ్ అయిపోయినప్పుడు మా వాడికి ఆ అట్టే పనికివస్తుంది.