ఖాళీగా ఉన్న ఒక్క ర్యామ్ స్లాట్: మూడున్నరేళ్ల వాడకం తర్వాత నా ల్యాప్‌టాప్

మూడున్నరేళ్లుగా రోజూ పొద్దున్నే తెరిచి రాత్రి పడుకునే ముందు మూస్తున్న ల్యాప్‌టాప్ ఇది. 15.6 అంగుళాల తెర, ఆరు కోర్ల ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్ (పని నడిచేటప్పుడు వాడుకునే తాత్కాలిక మెమరీ), 512 జీబీ ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు దాచే డ్రైవ్). విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు, ప్రాసెసర్‌లో ఉన్న గ్రాఫిక్సే దిక్కు. మరీ చవకదీ కాదు, మరీ ఖరీదైనదీ కాదు. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఈ తరగతిలో చాలా మోడళ్ల కథ ఇంచుమించు ఇదే. పగలంతా తెలుగు టైపింగ్, ఎక్సెల్ షీట్లు, బ్రౌజర్‌లో ఇరవై దాకా ట్యాబులు, మధ్యమధ్యలో వీడియో కాల్స్. రాత్రి ఓ గంట గేమ్స్. నా వాడకం అంతే.

కొనేటప్పుడు నేను వారం రోజులు కూర్చుని ప్రాసెసర్లనే పోల్చి చూశాను. ఆ ప్రాసెసర్ మాత్రం దుమ్ము పట్టి వేడెక్కిన రోజుల్లో తప్ప ఇన్నాళ్లలో ఇబ్బంది పెట్టలేదు. ఈ మెషీన్‌ని ఇప్పటిదాకా నిలబెట్టింది, ఆ వారంలో నేను పట్టించుకోని ఖాళీ ర్యామ్ స్లాట్, అంటే ఇంకో ర్యామ్ స్టిక్ పెట్టుకునే చోటు.

మొదటి ఏడాది దాటేసరికి నెమ్మదించింది. 8 జీబీలో కొంత భాగం గ్రాఫిక్స్‌కే పోతుంది, మిగిలినదాంట్లో విండోస్, బ్రౌజర్, వీడియో కాల్ మూడూ సర్దుకోవాలి. కాల్‌లో ఉండగా ఎక్సెల్‌కి మారితే తెర రెండు మూడు క్షణాలు బిగుసుకుపోయేది. అడుగు మూత విప్పి ఖాళీ స్లాట్‌లో ఇంకో 8 జీబీ స్టిక్ పెట్టాను, అదే రకం, అదే వేగం ఉన్నది. బిగుసుకుపోవడం ఆ రోజుతో పోయింది. నేను ఊహించని లాభం గేమ్స్‌లో కనిపించింది. ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు, ర్యామ్‌నే వాడుకుంటుంది. స్టిక్ ఒక్కటే ఉంటే దారి ఒక్కటే, రెండుంటే రెండు దారుల్లో డేటా నడుస్తుంది. దాంతో నేను రోజూ ఆడే కార్ల రేసు సెకనుకు 35 ఫ్రేముల నుంచి 50 దాకా వెళ్లింది, సెట్టింగులేవీ మార్చకుండానే. అందుకే ఎవరడిగినా ఇదే మాట చెబుతున్నాను: ర్యామ్ బోర్డుకే సోల్డర్ చేసి (ఊడదీయలేనట్టు అతికించి) ఉందా, స్లాట్‌లో ఉందా, రెండో స్లాట్ ఖాళీగా ఉందా అని కొనక ముందే కనుక్కోండి. సోల్డర్ చేసి, ఖాళీ స్లాట్ కూడా లేకపోతే మొదటి రోజే 16 జీబీ ఉన్నది తీసుకోవాలి, తర్వాత పెంచుకునే వీలుండదు.

కొత్త పెద్ద గేమ్స్ మాత్రం దీని మీద ఆశించొద్దు. రిజల్యూషన్ 1280×720కి దించి, నీడలు ఆపేస్తే కొన్ని ఆడొచ్చు. మా అక్క కొడుకు వచ్చినప్పుడల్లా మైన్‌క్రాఫ్ట్ ఆడతాడు, ఏ ఇబ్బందీ లేదు. పాత గేమ్స్ హాయిగా నడుస్తాయి.

తెర విషయంలో నాకు నిజంగా బాధగా ఉంది. ఫుల్ హెచ్‌డీ అని పెద్ద అక్షరాల్లో వేశారు. వివరాల పేజీ అడుగున 45 శాతం ఎన్‌టీఎస్‌సీ (రంగుల పరిధి కొలత), 250 నిట్స్ (వెలుతురు కొలత) అని చిన్న అక్షరాల్లో ఉంది. దాని అర్థం అప్పుడు నాకు తెలియదు. ఫొటోలకు, వెబ్‌కు వాడే ఎస్‌ఆర్‌జీబీ రంగుల్లో ఈ ప్యానెల్ మూడింట రెండు వంతులకు కూడా కాస్త తక్కువే చూపిస్తుంది. పెరట్లో మందారం ఫొటో తీసి ఇందులో తెరిచాను. ఫోన్‌లో నిండు ఎరుపుగా ఉన్న పువ్వు ఇక్కడ వెలిసిపోయిన ఇటుక రంగులో ఉంది. ఆ తేడా చూడకుండా అంతకుముందు సరిచేసిన ఫొటోలన్నీ ఫోన్‌లో రంగు ఎక్కువై కనిపించాయి. అక్షరాలతో పనిచేసేవాళ్లకు ఈ తెర చాలు. కిటికీ పక్కన కూర్చుంటే మాత్రం వెలుతురు చాలదు. ఫొటోలు చూసుకోవాలంటే హెచ్‌డీఎంఐ తీగతో వేరే మానిటర్ తగిలిస్తున్నాను.

కీబోర్డు ఈ మెషీన్‌లో నాకు అన్నిటికన్నా నచ్చింది. నేను ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు పద్ధతిలో తెలుగు టైప్ చేస్తాను. అచ్చుల గుర్తులు ఎడమ చేతికి, హల్లుల్లో ఎక్కువ భాగం కుడి చేతికి. పొల్లు ఉండేది డీ కీ మీద. తెలుగులో ఒత్తు రాయాలంటే ప్రతిసారీ దాన్ని కొట్టాల్సిందే కాబట్టి, మిగతా కీలు ఇంకా గరుకుగా ఉన్నా డీ ఒక్కటే నున్నబడి మెరుస్తోంది. దాని మీది అక్షరం సగం చెరిగింది. అయినా కీ కింద బిగువు మాత్రం తగ్గలేదు.

రెండేళ్లకు వేడి మొదలైంది. కాల్‌లో ఉంటే అవతలివాళ్లకి ఫ్యాన్ చప్పుడు వినబడేది. ప్రాసెసర్ 95 డిగ్రీలకు చేరి తనంతట తానే వేగం తగ్గించుకునేది. మూత విప్పి చూస్తే ఫ్యాన్ దగ్గర మురికి పెద్దగా లేదు. ఫ్యాన్ విప్పి తీశాక కనబడింది: గాలి బయటికి పోయే సన్నని రేకుల ముందు దుమ్ము దూదిపొరలా అట్టకట్టి ఉంది. పట్టకారుతో పట్టుకుంటే ముక్కలవకుండా మొత్తం ఒకే పొరగా ఊడొచ్చింది. బయటి నుంచి ఎంత గాలి కొట్టినా అది పోయేది కాదు. అదే చేత్తో ప్రాసెసర్ మీద ఎండిపోయిన థర్మల్ పేస్ట్ (వేడిని దాటించే ముద్ద) తుడిచి కొత్తది రాశాను. ఇప్పుడు అదే పనికి 78 దాటడం లేదు. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో కదలకుండా పట్టుకోండి, విపరీతంగా తిరిగితే పాడయ్యే ప్రమాదం ఉంది.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ తెర తిరిగే కీలు (హింజ్) దగ్గర తగిలింది. మూడో ఏట ఒకరోజు తెరుస్తుంటే ఎడమ మూల టక్కుమంది, తెర చట్రానికీ మూతకీ మధ్య గోరు దూరేంత సందు పడింది. లోపలి ఇనుప కీలు గట్టిగానే ఉంది. దాన్ని పట్టి ఉంచే చిన్న ఇత్తడి నట్లు ప్లాస్టిక్‌లో గుచ్చి ఉంటాయి, అవి ప్లాస్టిక్‌తో సహా ఊడిపోయాయి. కీలు బిగువుగా ఉండి, రోజూ ఒకే మూల పట్టుకుని తెరిస్తే బరువంతా ఆ ప్లాస్టిక్ మీదే పడుతుంది. వారంటీ అయిపోయింది, సర్వీస్ సెంటర్‌లో పైమూత మొత్తం మార్చాలన్నారు. నట్లను వాటి చోట కూర్చోబెట్టి ఎపాక్సీ జిగురు పోసి, ఒక రోజంతా ఆరనిచ్చాను. ఆరు నెలలైంది, ఇంకా నిలిచే ఉంది. ఇప్పుడు మధ్యలో పట్టుకునే తెరుస్తున్నాను. ఇంత బరువు మోసే నట్లను ఉత్త ప్లాస్టిక్‌కి అప్పగించడం తయారీదారు చేసిన తప్పే, వాడకందారుది కాదు.

వెబ్‌క్యామ్ 720పీ, సాయంత్రమైతే మొహం మసక. స్పీకర్లు మాటలకు సరే, పాటలకు చాలవు. యూఎస్‌బీ-సీ పోర్టు డేటాకు మాత్రమే, దాంతో ఛార్జింగ్ ఎక్కదు. 512 జీబీ డ్రైవ్ విండోస్‌లో 476గా కనిపిస్తుంది. కంపెనీ వెయ్యి లెక్కన, విండోస్ 1024 లెక్కన గుణించడం వల్ల వచ్చిన తేడా అది, మోసం ఏమీ లేదు.

బ్యాటరీ కొత్తలో 50 వాట్-అవర్లు, రాతపనికి ఆరు గంటలు వచ్చేది. విండోస్‌లోని బ్యాటరీ రిపోర్టు ఇప్పుడు 37 అంటోంది, నాలుగున్నర గంటలకు దిగింది. మొదటి రెండేళ్లకు పైగా రోజంతా ఛార్జర్‌కి తగిలించే ఉంచాను, 100 శాతం దగ్గర, చివర్లో ఆ వేడి కూడా తోడైంది. లిథియం బ్యాటరీకి ఆ రెండూ పడవు. కంపెనీ యాప్‌లోనే 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆపే సెట్టింగ్ ఉందని పోయిన ఏడాది చూసి పెట్టుకున్నాను. అప్పటి నుంచి తగ్గింది ఒక్క వాట్-అవరే. 30కి పడిపోతే కొత్తది వేయిస్తాను, స్క్రూలు విప్పి మార్చుకునే రకమే ఇది.